‘ఓవరైపోయింది’ అనే తీర్పుకు జవాబు

సముద్రం ఫొటో తెల్లగా కనబడితే చాలు, మన ఫొటో సలోన్లలో, కెమెరా క్లబ్బుల్లో తీర్పు తయారుగా ఉంటుంది: ‘ఓవరైపోయింది’. కాస్త చదువుకున్నవాళ్లు ‘హైలైట్లు కాలిపోయాయి’ అంటారు. చనువున్నవాళ్లు ‘బొమ్మకు సున్నం కొట్టావేంటి’ అని నవ్వుతారు. ఆ పక్కనే ఎర్రటి సూర్యోదయం, నల్లటి పడవ, ఊదారంగు మబ్బులు ఉన్న ప్రింటు కనబడితే ముచ్చటపడి మార్కులు వేస్తారు. అలాంటి ప్రింటు నిరుడూ వచ్చింది, అంతకుముందు ఏడాదీ వచ్చింది. పడవ మారింది, అంతే.

ఈ తీర్పు వెనక ఒక నమ్మకం ఉంది. దాన్ని తేలిక చేసి మాట్లాడను. చాలామంది మంచి ఫొటోగ్రాఫర్లు మనస్ఫూర్తిగా నమ్మేది దాన్నే. వాళ్లు చెప్పేది ఇది: మంచి ఫొటోలో చిక్కటి నలుపు నుంచి మెరిసే తెలుపు దాకా అన్ని ఛాయలూ ఉండాలి. హై-కీ, అంటే దాదాపు అంతా లేత ఛాయల్లోనే ఉంచడం, తీసేటప్పుడు చేసిన తప్పును కంప్యూటర్ దగ్గర కప్పిపుచ్చుకునే పద్ధతి. పైగా తెలుపు పసిపిల్లల ఫొటోలకూ, సబ్బుల ప్రకటనలకూ పనికొస్తుంది గాని సముద్రం గాంభీర్యానికి పనికిరాదు. ఆఖరున ఒక దేశభక్తి వాదన కూడా తగిలిస్తారు: ఇదంతా మంచు కురిసే దేశాల ఫ్యాషన్, మనది రంగుల తీరం అని.

ఇందులో ఒక్కటీ నిలబడదని నా వాదన. తీరానికి సంబంధించినంత వరకు, ముఖ్యంగా మన తూర్పు తీరానికి సంబంధించినంత వరకు, హై-కీ అనేది ఫొటోకు తర్వాత పూసిన పూత కాదు. పగటి వేళల్లో అధిక భాగం అక్కడి వెలుతురు ఉండే తీరే అది. దాన్ని తప్పు పట్టేవాళ్లు తీరాన్ని వదిలేసి, ఛాయల లెక్క చూపే హిస్టోగ్రామ్‌ను చూస్తున్నారు.

ముందు ఒక గందరగోళం తీర్చుకోవాలి. హై-కీకీ, ఓవర్ ఎక్స్‌పోజర్‌కూ తేడా తెలియకుండా వాదించి లాభం లేదు. హై-కీ ఫొటోలో చాలా భాగం లేత ఛాయల్లో ఉంటుంది. నలుపు అసలు ఉండకపోవచ్చు, ఉన్నా చిటికెడు. కాని ఆ లేత ఛాయల మధ్య తేడాలు మాత్రం చెక్కుచెదరకూడదు. మామూలు జేపెగ్ ఫైలులో వెలుతురుకు 0 నుంచి 255 వరకు మెట్లుంటాయి. ఓవరైన ఫొటోలో ఆకాశం, నురగ, ఇసుక మూడూ వెళ్లి 255 దగ్గర గోడకు గుద్దుకుంటాయి. ఏది ఎక్కడ మొదలైందో ఇక చెప్పలేం. హై-కీలో ఆకాశం 240 దగ్గర, నురగ 250 దగ్గర, తడి ఇసుక 215 దగ్గర ఆగుతాయనుకోండి, మూడింటికీ దేని చోటు దానికి ఉంటుంది. హిస్టోగ్రామ్ రెండింటిలోనూ కుడివైపుకే ఒరుగుతుంది. దాన్ని చూసి తీర్పు చెప్పేవాడికి రెండూ ఒకటే. ప్రింటును చూసేవాడికి ఒకటి కావు.

ఇక అసలు సంగతి. మే నెలలో ఉదయం పదింటికి ఉప్పాడలోనో బాపట్ల సూర్యలంకలోనో నిలబడి సముద్రం వైపు చూడండి. దిగంతం గీతలా కనిపించదు. నీళ్లు ఎక్కడ ఆగాయో, ఆకాశం ఎక్కడ మొదలైందో తేల్చుకోవడానికి కళ్లు చికిలించాలి. దీనికి కారణం మన కళ్లలో లేదు. తీరాన నిలబడ్డ మనిషికి దిగంతం సుమారు 5 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఆ 5 కిలోమీటర్ల గాలిలో తేమ ఉంది, అలలు విరిగినప్పుడల్లా ఎగిరిన ఉప్పు కణాలున్నాయి. గాలి అణువులు మరీ చిన్నవి కాబట్టి నీలాన్ని ఎక్కువగా చెదరగొడతాయి, ఆకాశం నీలంగా ఉండేది అందుకే. ఉప్పు కణాలు తేమను పీల్చుకుని ఉబ్బుతాయి. అంత పెద్ద కణాలు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అన్నింటినీ దాదాపు సమానంగా చెదరగొడతాయి. అన్నీ సమానంగా చెదిరి కంటికి చేరితే అది తెలుపే. నల్లటి తారు పూసిన పడవైనా కొన్ని కిలోమీటర్ల అవతలకు పోతే ఈ తెల్లటి పొర వెనక బూడిదరంగు మచ్చ అవుతుంది.

అంటే తీరంలో దూరంగా ఉన్నదేదీ చిక్కటి నలుపుగా ఉండదు. అయినా పోటీలకు వచ్చే ప్రింట్లలో దూరపు పడవలు కాటుక నలుపులో ఉంటాయి, దిగంతం రూలుకర్రతో గీసినట్టు ఉంటుంది. ఎలా వచ్చింది? మసక తీసే ‘డీహేజ్’ స్లైడర్ కుడికి లాగితే వచ్చింది. కాంట్రాస్టు పెంచితే వచ్చింది. నీలానికి శాచురేషన్ ఎక్కిస్తే వచ్చింది. వాటిని ప్రాసెసింగ్ అనరు, ‘ఫినిషింగ్’ అంటారు. అదే స్లైడర్ ఎడమకు అర అంగుళం జరిపినవాడు మాత్రం మోసగాడు.

సూర్యుడి సంగతీ చూడాలి. మనది తూర్పు ముఖం తీరం. పొద్దు పొడిచింది మొదలు మధ్యాహ్నం దాకా సూర్యుడు సముద్రం వైపే ఉంటాడు. కెమెరాను నీళ్ల వైపు తిప్పితే ఎదురు వెలుగే, నీటి మీద తళతళే. మే రెండో వారంలో విశాఖపట్నంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు, మనిషి నీడ పాదాల కిందికి వచ్చేస్తుంది. నీడే లేని చోట ఫొటోలోకి నలుపు ఎక్కడినుంచి తెస్తారు? ‘ఆ టైములో తీయకండి, పొద్దు పొడిచే, కుంకే వేళల గోల్డెన్ అవర్‌లో తీయండి’ అని సలహా. ఇది ఫొటోగ్రఫీ పాఠాల్లో మొదటి పేజీ సలహా, చెడ్డదేం కాదు. కాని అలివి వల లాగేవాళ్లు, చేపలు ఎండబెట్టే ఆడవాళ్లు, ఉప్పు మడుల్లో పనిచేసేవాళ్లు తీరం మీద గడిపేది మిగతా పగలంతా. ఆ పగటికి ఫొటోలో చోటు లేదని ఎవరు నిర్ణయించారు? ఎవరో పర్యాటకుడు నిర్ణయించి ఉండాలి. టిఫిను వేళకు హోటలుకు చేరిపోయేది అతనే.

‘కెమెరా ఇచ్చింది ఇచ్చినట్టు పెట్టాను, నేనేమీ ముట్టుకోలేదు’ అని గర్వంగా చెప్పుకునేవాళ్లున్నారు. కెమెరా ఏమిస్తుందో వాళ్లకు తెలిసినట్టు లేదు. కెమెరాలోని మీటరు ఏ దృశ్యాన్ని చూసినా దాన్ని సుమారు 18 శాతం కాంతిని తిప్పికొట్టే మధ్యరకం బూడిదరంగుగా భావిస్తుంది. నల్ల గేదెనైనా తెల్ల కొంగనైనా దాని లెక్కలో బూడిదరంగు చేయాల్సిందే. నౌపడ ఉప్పు మడుల్లో కుప్పలు పోసిన ఉప్పును మీటరు చెప్పినట్టు తీస్తే సిమెంటు కుప్పల్లా వస్తుంది. డిసెంబరు ఉదయపు పొగమంచు మురికి నీళ్ల రంగులోకి దిగుతుంది. ఒకటి నుంచి రెండు స్టాపుల వరకు (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు) ఎక్స్‌పోజర్ పెంచితే తప్ప తెలుపు తెలుపుగా రాదు. కాబట్టి ముట్టుకోని ఫొటోలో ఉన్నది తీరం నిజం కాదు, మీటరు ఊహ.

ఫోన్లైతే ఇంకా ముందుకు పోయాయి. బటన్ ఒక్కసారి నొక్కితే ఫోను వరసగా చాలా ఫ్రేములు తీసి కలిపేస్తుంది, తెల్లబడ్డ ఆకాశాన్ని కిందికి లాగుతుంది, నీడల్ని పైకెత్తుతుంది. మనం చూడని నీలాన్ని ఆకాశానికి సమకూరుస్తుంది. ఇప్పుడు మన కళ్లకు అలవాటైన ‘సహజమైన’ సముద్రం ఇలా తయారైందే. ఈ అలవాటును గీటురాయి చేసుకుని హై-కీని అసహజం అంటున్నారు.

సాంకేతికంగా హై-కీ సమాచారాన్ని పోగొడుతుందనే ఆరోపణ మరీ విచిత్రం. 14 బిట్ల రా (RAW) ఫైలులో 16,384 మెట్లుంటాయి. సెన్సరు తన మీద పడ్డ వెలుతురును ఉన్నదున్నట్టు లెక్కబెడుతుంది గనుక, అన్నిటికన్నా ప్రకాశవంతమైన ఒక్క స్టాపుకే అందులో సగం, అంటే 8,192 మెట్లు దక్కుతాయి. దాని కింది స్టాపుకు 4,096. ఇలా సగం సగం అవుతూ నీడల దగ్గరికి వచ్చేసరికి మిగిలేది కొద్ది మెట్లు, బోలెడంత నాయిస్. గోడకు గుద్దుకోకుండా ఎంత కుడికి వీలైతే అంత కుడికి ఎక్స్‌పోజ్ చేయమని ఫొటోగ్రాఫర్ మైకేల్ రీచ్‌మన్ 2003లో రాసింది ఈ లెక్క పట్టుకునే. ఆ సలహాను ఇప్పుడు ప్రతి వర్క్‌షాపులోనూ చెబుతారు. చెప్పినవాళ్లే చివర్లో ‘తర్వాత కంప్యూటర్లో మళ్లీ కిందికి దించండి’ అంటారు. ఎందుకు దించాలి? అత్యంత సమృద్ధిగా ఛాయలు దొరికేది ఎక్కడో అక్కడే ఫొటోను నిలబెడితే నష్టమేంటి? సరిగా తీసిన హై-కీ ఫైలులో నురగ మీది ఒక్కో బుడగ పొర, ఆరిన ఇసుకకూ ఆరుతున్న ఇసుకకూ మధ్య అంచు, నీటి మీద పరుచుకున్న పలచటి వెలుగు విడివిడిగా దొరుకుతాయి. వీటిని మధ్య ఛాయల్లోకి దించి, పైన కాంట్రాస్టు కొడితే అవే మొదట చచ్చిపోతాయి.

ఇక్కడ ఫొటోగ్రఫీ పెద్దల పేరు వస్తుంది. ‘ఆన్సెల్ ఆడమ్స్ ఏం చెప్పాడు?’ అంటారు. ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ కలిసి 1939–40 ప్రాంతంలో రూపొందించిన జోన్ సిస్టమ్‌లో నలుపు నుంచి తెలుపు దాకా 0 నుంచి 10 వరకు మెట్లున్నాయి, నిజమే. ప్రతి ఫొటోలోనూ అన్ని మెట్లూ తొక్కి తీరాలని ఆ పద్ధతిలో ఎక్కడా లేదు. షటర్ నొక్కకముందే తుది ప్రింటును మనసులో చూసి, ఏ వస్తువును ఏ మెట్టు మీద కూర్చోబెట్టాలో ఫొటోగ్రాఫరే తేల్చుకోవాలన్నది దాని సారాంశం. అది స్వేచ్ఛకు పనిముట్టు. మనవాళ్లు దాన్ని హాజరు పట్టీ చేశారు: నలుపు వచ్చిందా, తెలుపు వచ్చిందా, మధ్యవి వచ్చాయా, సరే మార్కులు. ఆడమ్స్ ప్రసిద్ధ చిత్రం ‘మూన్‌రైజ్, హెర్నాండెజ్’ 1941లో తీసింది. దశాబ్దాల పాటు ఆయన దాన్ని మళ్లీ మళ్లీ ప్రింటు చేస్తూ ఆకాశాన్ని అంతకంతకూ నల్లగా మార్చుకుంటూ పోయారు. ఆకాశాన్ని చీకటి చేయడం కళ అయినప్పుడు లేత చేయడం నేరం ఎలా అయింది?

ఇంకో మాట. ఆడమ్స్‌కు ఎక్కువ పేరు తెచ్చినవి సియెరా నెవాడా పర్వతాల పొడి గాలిలో, గ్రానైట్ కొండల మధ్య తీసినవి. అక్కడ మైళ్ల దూరంలో ఉన్న నీడ కూడా నల్లగానే కనిపిస్తుంది. ఆయన సహచరుడు ఎడ్వర్డ్ వెస్టన్ కాలిఫోర్నియా తీరంలో పాయింట్ లోబోస్ దగ్గర అద్భుతమైన చిక్కటి నలుపులు సాధించాడు కదా అంటారా? నిజమే, కాని అక్కడ ఆయన తీసిన గొప్ప చిత్రాల్లో చాలా వరకు దగ్గరి నుంచి చూసిన రాళ్లు, సైప్రస్ వేళ్లు, సముద్రపు నాచు. నాలుగడుగుల దూరంలో ఉన్న రాయికీ కెమెరాకూ మధ్య ఉప్పుగాలి పొర ఎంతని ఉంటుంది? పొడిగాలి కొండల సూత్రాన్ని, చేతికందే రాళ్ల సూత్రాన్ని కోరింగ మడల మీద, అంతర్వేది సంగమం మీద రుద్దడం న్యాయం కాదు.

చరిత్రలోకి ఇంకొంచెం వెనక్కి వెళితే వ్యవహారం పూర్తిగా తారుమారవుతుంది. 1850లలో వాడిన కొలోడియన్ పలకలకు నీలం వెలుగు మీద మితిమీరిన స్పందన ఉండేది. సముద్రానికి సరిపడా ఎక్స్‌పోజర్ ఇస్తే ఆకాశం ఎప్పుడో తెల్లబడిపోయేది. అంటే తొలి నాటి సముద్రపు ఫొటోల్లో తెల్లటి ఆకాశమే పలక ఇచ్చిన సహజ ఫలితం. దాన్ని లోపంగా ఎంచి, 1856–57లో ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ గుస్తావ్ లె గ్రే మబ్బులకు వేరే నెగెటివ్, సముద్రానికి వేరే నెగెటివ్ తీసి రెండింటినీ దిగంతం దగ్గర అతికించి ప్రింటు చేశాడు. ఫ్రాన్స్‌లోని సెట్ రేవు దగ్గర తీసిన ఆయన సముద్ర దృశ్యాలు చూసి జనం అబ్బురపడ్డారు. ఒకే మబ్బుల నెగెటివ్‌ను వేర్వేరు సముద్రాల మీద వాడిన సందర్భాలూ ఉన్నాయి. లె గ్రే పనితనం మీద నాకు అపారమైన గౌరవం. కాని నిండైన మబ్బులతో, నిండైన ఛాయలతో ఉన్న సముద్రమే అసలు సిసలు ఫొటో అనీ, తెల్ల ఆకాశం మాత్రం కల్పన అనీ వాదించేవాళ్లు ఈ కథ ఒకసారి గుర్తు చేసుకోవాలి. మొదట కల్పించింది మబ్బుల్నే.

అతికింపులంటే ఒంటికాలి మీద లేచినవాడు ఇంగ్లండు ఫొటోగ్రాఫర్ పీటర్ హెన్రీ ఎమర్సన్. వృత్తికి వైద్యుడు, స్వభావానికి తగాదాకోరు. హెన్రీ పీచ్ రాబిన్సన్ తదితరులు చాలా నెగెటివ్‌లు కలిపి చేసే చిత్రాల మీద దుమ్మెత్తిపోస్తూ, ప్రకృతిని కన్ను చూసినట్టే తీయాలని 1889లో ‘నేచురలిస్టిక్ ఫొటోగ్రఫీ’ అనే పుస్తకం రాశాడు. తర్వాత తన సిద్ధాంతాన్ని తనే వదులుకున్నాననీ ప్రకటించాడు, అది వేరే కథ. ఇంగ్లండు తూర్పు తీరాన నార్ఫోక్ చిత్తడి నేలల్లో ఏళ్ల తరబడి తిరిగిన ఈ మనిషి 1895లో వేసిన చివరి చిత్రాల పుస్తకం ‘మార్ష్ లీవ్స్’. అందులోవి 16 ఫొటోగ్రావ్యూర్లు. మంచు, పొగ, నీటి అంచున నాలుగు పుల్లలు, ఒక గుడ్డి దీపం లాంటి సూర్యుడు. కాగితం మీద సిరా ఉందా లేదా అన్నంత లేత చిత్రాలు. ప్రకృతికి నిజాయితీగా ఉండాలని అందరితోనూ కొట్లాడినవాడు చివరకు చేరింది అక్కడికి. ఆయన చేతిలో ఏ స్లైడరూ లేదు.

ఇక మానసిక స్థితి గురించిన వాదన. దీని దగ్గరే నిలబడి మాట్లాడాలనుకుంటున్నాను, మిగతావన్నీ దీనికి ముందుమాటలే. తెలుపంటే సంతోషం, నలుపంటే గాంభీర్యం అనే సమీకరణం ఎక్కడిది? సినిమా లైటింగ్ పాఠాల్లోంచి వచ్చింది. హాస్యానికి హై-కీ, నేరకథకు లో-కీ అని స్టూడియోల్లో ఒక వాడుక ఉండేది. స్టూడియో వాడుకను సముద్రానికి చట్టం చేయడం ఎందుకు? తెల్లచీర కట్టిన ముసలమ్మను చూసి ఆనందంగా ఉందనుకునే తెలుగువాడు ఎవరూ ఉండడు.

ఉప్పాడనే తీసుకుందాం. అక్కడ సముద్రం ఏళ్లుగా ఊరిని కోసుకుంటూ వస్తోంది. ఇళ్లు పోయాయి, కాకినాడ వెళ్లే బీచ్ రోడ్డు తెగడం, మళ్లీ వేయడం, మళ్లీ తెగడం మామూలైపోయింది. అడ్డంగా వేసిన జియోట్యూబ్ గోడ కూడా దెబ్బతింది. తుపాను వార్త రాగానే ఫొటోగ్రాఫర్లు అక్కడికి పరిగెత్తుతారు. కారుమబ్బులు, రోడ్డు మీదికి ఎగిరిపడే అల, తడిసిన పోలీసు. ఆ ఫొటోలు కావాలి, పత్రికకు అవి అవసరం. కాని ఆ ఫొటోలో ఉన్నది ఒక్క రోజు. తుపాను వెళ్లిపోతుంది, ఊరు గట్టెక్కిందని చూసేవాడు ఊపిరి పీల్చుకుంటాడు. ఉప్పాడ అసలు బాధ తుపాను రోజుది కాదు. ఏ హడావిడీ లేని మామూలు మధ్యాహ్నం, ఎండలో, ఎవరూ చూడనప్పుడు నేల కొంచెం కొంచెంగా తరిగిపోవడం. దాన్ని నలుపులో ఎలా చెబుతారు? సగం కూలిన గోడ ఒకటి ఫ్రేములో కింది మూలన, దాని ఆవల అంతా తెలుపు, నీళ్లెక్కడో ఆకాశమెక్కడో తెలియని తెలుపు. అక్కడ ఏముండేదో ఆ ఊరివాళ్లకే తెలుసు. చూసేవాడికి మాత్రం ఏదో లేదని తెలుస్తుంది. లేకపోవడాన్ని చూపించే శక్తి ఈ పద్ధతికి ఉంది. నాటకీయమైన మబ్బులు ఉన్నదాన్నే పెద్దది చేసి చూపిస్తాయి.

అలాగే వేట నిషేధం రోజులు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరంలో మరపడవలు సముద్రంలోకి పోవు. మన తీరంలో వెలుతురు అత్యంత తెల్లగా ఉండేదీ ఆ రోజుల్లోనే. బోట్లు ఒడ్డున ఉంటాయి, వలలు బాగు చేసుకుంటారు, అప్పులు చేసుకుంటారు. సముద్రం ఖాళీగా, కళ్లు జిగేలుమనేలా ఉంటుంది. ఆ ఖాళీలో ఉన్న అనిశ్చితిని ఊదారంగు సూర్యోదయంగా మార్చి అమ్మేవాళ్లకు నేను చెప్పేదేమీ లేదు. దాన్ని దానిలాగే, కళ్లు చికిలించుకునేంత తెల్లగా తీసినవాడిని ‘మూడ్ లేదు’ అని తిరగ్గొట్టడం మాత్రం నాకు మింగుడుపడదు. మూడ్ ఉంది. జ్యూరీకి అలవాటైన మూడ్ కాదు.

బయట చూస్తే, జపాన్‌కు చెందిన హిరోషి సుగిమోతో 1980 నుంచి సముద్రాల వరుస తీస్తున్నాడు. పైన సగం ఆకాశం, కింద సగం నీళ్లు, ఇంకేమీ ఉండదు. వాటిలో రాత్రి సముద్రాలు కటిక చీకటి, మంచు కమ్మిన సముద్రాల్లో దిగంతమే ఉండదు. ఒకే మనిషి, ఒకే కూర్పు, ఛాయలు మాత్రం ఆ రోజు గాలి చెప్పినట్టు. ఇటలీ ఫొటోగ్రాఫర్ మాస్సిమో విటాలి 1995 నుంచి బీచ్‌లలో ఎత్తైన మంచె కట్టుకుని, పెద్ద ఫార్మాట్ కెమెరాతో స్నానాలకొచ్చిన జనాన్ని తీస్తున్నాడు. ఇసుక, నీళ్లు, ఒళ్లు అన్నీ ఎండకు వెలిసిపోయిన లేత రంగుల్లో ఉంటాయి. చూడగానే హాయిగా అనిపించి, కాసేపటికి ఇబ్బందిగా అనిపించే ఫొటోలు అవి. ఇంతమంది పక్కపక్కనే ఉండి ఒకరినొకరు చూడటం లేదేమిటని సందేహం వస్తుంది. ఆ తెలుపు ఏ సబ్బునూ అమ్మడం లేదు.

మంచుదేశాల ఫ్యాషన్ అనే ఆక్షేపణకు ఈపాటికి జవాబు వచ్చేసిందనుకుంటాను. విటాలి తీసేది మధ్యధరా ఎండని. మన ఎండ అంతకన్నా తక్కువదేం కాదు. తెల్లబారిన వెలుతురు మనకు దిగుమతి సరుకు కాదు. దిగుమతి అయింది ఊదా, నారింజ రంగుల ప్రీసెట్.

ప్రతిపక్షం చెప్పేదాంట్లో ఒప్పుకోవాల్సినవి లేకపోలేదు. హై-కీ పేరుతో చెత్త చాలా వస్తోంది. ప్రీ-వెడ్డింగ్ షూట్‌లలో రుషికొండైనా సూర్యలంకైనా ఒక్కటే పాలరంగు ముసుగు, కింద గాల్లో ఎగిరే గౌను. అక్కడ తెలుపుకు పని లేదు, అది ప్యాకేజీలో భాగం. ఎక్స్‌పోజర్ తప్పి, 255 దగ్గర అంతా అతుక్కుపోయాక ‘నా ఉద్దేశమే అది’ అనేవాళ్లనూ చూస్తాం. వాళ్లకు మార్కులు తగ్గించాల్సిందే. ప్రతి తీరానికీ ఇది పనికిరాదు కూడా. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలను లేతగా చేస్తే ఇంకేం మిగులుతుంది, వాటి ఊపిరి ఆ ఎరుపే. మంగినపూడి తీరం నల్ల బంకమట్టిది. అక్కడ తడి నేల నలుపును ఎత్తి తెల్లబరిస్తే అది మంగినపూడి కాదు. ఇంకా ముఖ్యమైనది: ఒడ్డున పడి ఉన్న ప్లాస్టిక్ చెత్తను, నీళ్లలోకి తెరుచుకున్న గొట్టాన్ని తెలుపు చాటున మాయం చేస్తే అది ఛాయల విషయం కాదు, అబద్ధం. ఛాయను పైకెత్తవచ్చు, వస్తువును మాయం చేయకూడదు. ఈ గీత దగ్గర నేను ఆడమ్స్ భక్తులకన్నా ఛాందసుణ్ణి.

కాని అబద్ధం చెప్పడానికి తెలుపు ఒక్కటే దారి కాదు. చిక్కటి నీడలో కూడా చెత్త దాక్కుంటుంది. సూర్యోదయం సిలువెట్‌లో పడవ నల్లటి ఆకారమైపోతే, దాని మీద పనిచేస్తున్న మనిషి ముఖం పోతుంది, చిరుగుల చొక్కా పోతుంది, వయసు పోతుంది. దాన్ని ‘సమాచారం పోయింది’ అని ఏ జడ్జీ తిరగ్గొట్టడు. నీడల్లో పోతే కళ, వెలుగులో పోతే లోపం. ఈ రెండు నాల్కల లెక్క మీదే నా అసలు ఫిర్యాదు.

హై-కీ సులువు అనే మాట కూడా అనేస్తారు, చేయనివాళ్లు. చేసి చూడమనండి. లేత ఆకాశంలో సెన్సరు మీది ప్రతి ధూళి కణమూ మచ్చై కూర్చుంటుంది, ఎఫ్ 16 దగ్గర ఇంకా స్పష్టంగా. ఉప్పు తుంపర ఫిల్టరు మీద పడితే ఫ్రేము సగం మసక. వెలుతురును పది స్టాపులు తగ్గించే ఎన్‌డీ ఫిల్టరు పెట్టి రెండు నిమిషాలు తెరిచి ఉంచితే నీళ్లు మెత్తబడతాయి గాని, ఆ రెండు నిమిషాల్లో నీటి గీత ఎక్కడికి జరుగుతుందో అంచనా వేసుకోవాలి. ఎనిమిది బిట్లలో పనిచేస్తే లేత ఛాయలు మెత్తగా కలవవు, ఆకాశంలో చారలు పడతాయి, పదహారు బిట్లలోనే చేయాలి. ఎక్స్‌పోజర్ స్లైడర్ ఒక్కటి పైకి నెడితే వచ్చేది హై-కీ కాదు, పైన చెప్పిన గోడకు గుద్దుకోవడమే. కర్వ్‌లో మధ్య భాగాన్ని ఎత్తి, పై కొసను పట్టి ఉంచాలి. నీలం, నీలిపచ్చల వెలుతురు పెంచి గాఢత తగ్గించాలి. ఒకచోట, సాధారణంగా ఒక్క చోటే, నిజమైన ముదురు ఛాయను వదలాలి: పాతిన ఒక కర్ర, ఒక కొంగ, తెప్ప కొన. చుట్టూ లేతగా ఉన్నప్పుడు ఆ కాస్త నలుపే ఫ్రేమంతటినీ మోస్తుంది, కాబట్టి దాని స్థానం వెంట్రుకవాసి తప్పినా మొత్తం కూలిపోతుంది. నలుపు నిండా ఉన్న ఫొటోలో కూర్పు తప్పులు నీడల్లో దాక్కుంటాయి. ఇక్కడ దాక్కోవడానికి చోటు లేదు.

చివరగా ఒక వ్యవహారం, దీన్ని జ్యూరీల్లో కూర్చునేవాళ్లు దయచేసి పట్టించుకోవాలి. ఇప్పుడు ఎక్కువ పోటీల్లో తీర్పు ప్రొజెక్టరు మీదో, మానిటరు మీదో, ఒక్కో ఫొటోకు కొన్ని క్షణాల చొప్పున జరుగుతుంది. చీకటి గదిలో, నల్లటి నేపథ్యం మీద, అంతకుముందు ఫ్రేములోని ముదురు సూర్యాస్తమయానికి అలవాటుపడ్డ కళ్ల ముందు హై-కీ ఫొటో ఒక్కసారిగా వెలిగితే అది దీపం స్విచ్చి వేసినట్టే ఉంటుంది, కళ్లు మూసుకుంటాం. ‘ఓవరైపోయింది’ అన్న మాట సగం సార్లు ఆ క్షణంలో పుట్టిందే. అది ఫొటో లోపం కాదు, చూపించిన తీరు లోపం. కాగితం మీద సంగతి వేరు. మాట్ కాగితం లోతైన నలుపును ఇవ్వలేదు, అందుకే నలుపుల ప్రేమికులు దాన్ని ఇష్టపడరు. లేత ఛాయలకు మాత్రం అదే సరైన చోటు, ఎందుకంటే మెరుపు అడ్డం రాదు, కాగితం తెలుపే ఆకాశం తెలుపవుతుంది. అంచు ఎక్కడుందో తెలియడానికి చుట్టూ సన్నటి గీతో, లేత బూడిదరంగు మౌంటో ఉంటే చాలు.

సలోన్ నిర్వాహకులకు నా విన్నపం ఇది. తీర ప్రకృతి దృశ్యాల విభాగంలో తెర మీద చూసి తిరగ్గొట్టే ముందు ఆ ఫొటోలను మాట్ కాగితం మీద ప్రింటుగా తెప్పించుకోండి. మామూలు పగటి వెలుతురులో, చేయి చాపినంత దూరంలో పెట్టుకుని, ఒక్క నిమిషం చూడండి. తెలుపులో తేడాలు కనిపించకపోతే నిస్సంకోచంగా తిరగ్గొట్టండి. కనిపిస్తే, హిస్టోగ్రామ్ ఏమంటున్నదీ ఎవరినీ అడగకండి.